రెండేండ్లలో నర్సు

ఇంగ్లండులో వేరే డిగ్రీ చదివినవారు రెండేండ్ల ఎం.ఎస్సి.తో నర్సులగుచున్నారు. అచ్చట మామూలు కోర్సు మూడేండ్లు. మన దేశములోనైతే డిగ్రీ ఉన్నను బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు మొదటినుండి చదువవలసినదే.

రోగి ప్రాణముతో పని గనుక ఈ తొందర న్యాయమా అని మనము అడుగక తప్పదు. అచ్చట ముందే నేర్చినదానిని, చేసిన సేవను లెక్కించి కాలము తగ్గింతురు. సగమునకు మించి తగ్గింపరు. జీవశాస్త్రము చదివినవారికి మరల అదే పాఠమెందుకు? ఇంతవరకు మనకు సమ్మతమే. వార్డు సంగతి వేరు. పుండు కడుగుట, రాత్రి మూడు గంటలకు భయపడి పిలిచిన ముసలమ్మకు విసుగులేక జవాబిచ్చుట ఏ పట్టాతోను రాదు. ఆ గంటలను తగ్గించినచో నష్టము రోగిది, ఆమెనెవరును అడుగలేదు. మంచాన పడిన అత్తగారిని ఏండ్ల తరబడి చూచిన కోడలి గంటలనైతే (మన ఇండ్లలో అట్టివారు కొదువా?) లెక్కింపవచ్చునందుము.