అడ్వైజరు ధర్మం

మన పిల్లలు ఇక్కడి కాలేజీలలో చేరగానే ఒక్కొక్కరికి ఒక అడ్వైజరును కేటాయిస్తారు. చాలాచోట్ల ఆయన పాఠాలు చెప్పే ప్రొఫెసరే. ఏ కోర్సులు తీసుకోవాలి, దేన్ని మేజరుగా ఎంచుకోవాలి అన్న విషయాలలో సలహా చెప్పడం ఆయన పని. మనలో చాలామందికి ఈ ఏర్పాటు కొత్త. మనం ఇంటర్మీడియట్ కాగానే నేరుగా ఎం.బి.బి.ఎస్.లోనో, ఇంజనీరింగులోనో చేరినవాళ్ళం. ఆ తరువాత ఎంచుకోవలసింది పెద్దగా లేదు.

అందుకే మనకొక సందేహం. మంచిచెడ్డలు తెలిసిన పెద్దమనిషి సూటిగా దారి చూపక, "నీకేమనిపిస్తోంది?" అని పిల్లలనే అడగడమేమిటి? ఇది బాధ్యత తప్పించుకోవడం కాదా?

1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ అనే విద్యావేత్త సలహాలను రెండు రకాలుగా విభజించాడు. ఒకటి, డాక్టరు రోగికి మందుచీటీ రాసిచ్చినట్లు ఇచ్చేది. రెండవది బోధనలో భాగమై, విద్యార్థి చేతనే ఆలోచింపజేసేది. వైద్యులమైన మాకు ఆ పోలిక కొంచెం గుచ్చుకుంటుంది. కాని అదే 1972లో, కాంటర్‌బరీ, స్పెన్స్‌ల మధ్య నడిచిన కేసులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఒక తీర్పు చెప్పింది. చికిత్సలోని ప్రమాదాలను, ఇతర మార్గాలను రోగికి తెలియజెప్పడం డాక్టరు విధి, నిర్ణయించుకునే హక్కు రోగిది అని దాని సారాంశం. చీటీ రాసి పంపడం వైద్యంలోనూ చాలదన్నమాట.

అయితే నిర్ణయం విద్యార్థిదే అన్నంతమాత్రాన అడ్వైజరు మౌనంగా ఉండాలని కాదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండుసార్లు తప్పిన అబ్బాయికి మెడికల్ సీటు కష్టమని చెప్పకపోవడం దయ కాదు. కావలసిన సైన్సు కోర్సులు పూర్తిచేస్తే చరిత్ర మేజరుగా చదివిన అమ్మాయి కూడా మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టవచ్చునని చెప్పకపోవడమూ అన్యాయమే. నిజమంతా చెప్పాలి. చెప్పి, ఆగాలి. ఆ ఆగడమే కష్టం.

మరి ఫీజు కడుతున్న మన మాటేమిటి? 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. పన్ను లెక్కలలో మన మీద ఆధారపడినవారైతే కాలేజీ మనకు చూపించవచ్చు గాని, చూపించి తీరాలని లేదు. ఇది మనకు మింగుడుపడదు. కాని "ఈ చదువు నాకు పట్టుబడటం లేదు" అని భయం లేకుండా చెప్పుకోవడానికి పిల్లలకొక చోటు ఉండాలి. ఆ మాట మన చెవిన పడుతుందని తెలిస్తే వాళ్ళు అక్కడా చెప్పరు. వయసు వచ్చిన రోగి గుట్టును వాళ్ళ నాన్నగారు అడిగినా మేము చెప్పము కదా!

కనుక అడ్వైజరుతో ఏం మాట్లాడావని పిల్లలను నిలదీయడం మానుదాం. అక్కడ చెప్పగలిగినది మన ఇంట్లో ఎందుకు చెప్పలేకపోయారో ఆలోచిద్దాం. డాక్టరైనా కాకపోయినా నువ్వు మా బిడ్డవేనన్న మాట, పరీక్ష తప్పాక ఓదార్పుగా కాక, కాలేజీకి పంపే రోజునే చెప్పి పంపుదాం.