అబద్ధము లేని మోసము

అబద్ధమాడకయే ఒకని మోసపుచ్చవచ్చునా? ఆదికాండము 20వ అధ్యాయము చదివినవారికిది క్రొత్త ప్రశ్న కాదు. గెరారులో అబ్రాహాము తన భార్యయైన శారాను చెల్లెలని చెప్పెను. ఆ మాట నిజమే. తల్లులు వేరైనను వారి తండ్రి ఒక్కడే. అయినను ఆమెకు పెండ్లి కాలేదనుకొని రాజైన అబీమెలెకు పిలిపించుకొనెను. అతడట్లనుకొనవలెననియే గదా ఆ మాట పుట్టినది! విశ్వాసులకు తండ్రియైనవానిని ఒక అన్యరాజు నిలదీసి అడిగిన ఈ ఘట్టమును మనము ప్రసంగములలో తరచుగా దాటిపోవుదుము.

మన ఉత్తరాంధ్ర సంగతి చూడుడి. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో దుగరాజపట్నము రేవును కేంద్రము అభివృద్ధి చేయవలెననియు, మొదటి దశ 2018 చివరకు ముగియవలెననియు ఉన్నది. రైల్వే జోను దగ్గర మాట మారినది. జూన్ 2 మొదలు ఆరు నెలలలో పరిశీలించి, త్వరగా నిర్ణయము తీసికొనవలెనట. ఇచ్చెదమని లేదు. త్వరగా అనగా ఎన్ని దినములో లేదు.

అయినను శ్రీకాకుళములోగాని విజయనగరములోగాని దీనిని ‘పరిశీలన’ అన్నవారెవరు? ‘విభజన హామీ’ అనిరి. వేదికమీద అదే పేరు, టీకొట్టు దగ్గరను అదే పేరు. కూలిపనికై రైలెక్కి దూరప్రాంతములకు పోవు కుటుంబములెన్నో ఉన్న జిల్లాలివి. జోను అను మాట ఇచ్చటి యువకుల చెవికి ఉద్యోగమనియే వినబడును. ప్రకటన 2019 ఫిబ్రవరి 27న, పోలింగునకు ఆరు వారముల ముందు వెలువడినది. విశాఖలో ప్రధాన కార్యాలయమునకు శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగినది. ఇంత ఆలస్యమైనను చట్టములోని మాట తప్పినారనుటకు పట్టు దొరకదు. రేవు సంగతి అట్లు కాదు. గడువునకు అది రాలేదు గనుక, మాట తప్పితిరని ఎవరైనను వ్రేలు చూపి అడుగవచ్చును. తప్పిన మాటకంటె, తప్పుటకు వీలులేకుండ అల్లిన మాటయే ఎక్కువ అపాయకరమని నాకు తోచుచున్నది.

జాగ్రత్తగా మాటలాడు ప్రతివాడును మోసగాడు కాడు. సాధ్యమో కాదో తెలియని పనిని గూర్చి “ప్రయత్నించెదను” అనువాడు నిజము చెప్పుచున్నాడు. భేదము తెలియునది చప్పట్లు మ్రోగినప్పుడు. ‘చూచెదము’ అన్నదానిని జనులు ‘ఇచ్చెదము’ అని విని చప్పట్లు కొట్టిరనుకొనుడి. వక్త చెయ్యెత్తి, “అయ్యలారా, నేనన్నది అది కాదు” అనునా? లేక దండ వేయించుకొని దిగిపోవునా? నోట వచ్చిన వాక్యము రెంటను ఒక్కటే. మత్తయి 23లో, దేవాలయము పేరట ఒట్టు పెట్టుకొనిన అది కట్టదనియు, దేవాలయపు బంగారము పేరట పెట్టుకొనిననే కట్టుననియు బోధించినవారిని ప్రభువు అంధులన్నాడు. వారును మాటలను తూచినవారే.

ఈసారి మన వీధికి ఓటు అడుగ వచ్చువారిని కోపపడి పంపివేయనక్కరలేదు. కూర్చుండబెట్టి ఒక్క సంగతి అడిగిన చాలును: “బాబూ, పరిశీలించిన పిమ్మట కుదరదని తేలినయెడల, ఆ మాట మాకు చెప్పుటకు ఎప్పుడు వచ్చెదరు?”