షబ్బాత్ రోజున ట్రామ్
జెరూసలేంలో 2011లో నడక మొదలుపెట్టిన ట్రామ్, అంటే వీధిలోనే పరచిన పట్టాల మీద పైతీగ నుంచి విద్యుత్తు అందుకుని సాగే రైలు, శుక్రవారం పొద్దుగూకక ముందే ఆగిపోయి శనివారం చీకటి పడ్డాకే మళ్ళీ కదులుతుంది. యూదుల వారాంత విశ్రాంతి దినమైన షబ్బాత్‌లో చేయరాని పనులను మిష్నా, అనగా వారి మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం, 39 తరగతులుగా విభజించింది. విద్యుత్తు వాటిలో దేని కిందికి వస్తుందన్న విషయంలో ధర్మవేత్తలకు ఏకాభిప్రాయం లేకపోయినా, నిష్ఠాపరులు ఆనాడు స్విచ్చు ముట్టరు. అయితే ఒకరు పాటించే నియమం ఊరందరి ప్రయాణానికీ హద్దు కావచ్చునా అన్నదే అసలు చిక్కు. ఈ మార్గం యాఫా వీధి వెంట వచ్చి, పాతనగరపు డమాస్కస్ ద్వారాన్ని ఒరుసుకుంటూ, 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ స్వాధీనం చేసుకున్న తూర్పు జెరూసలేంలోని అరబ్బుల పేట షుఆఫాత్ గుండా పోతుంది. స్టేషన్ల పేర్లు హీబ్రూ, అరబీ, ఇంగ్లీషు మూడింటిలోనూ కనిపిస్తాయి గాని, వేళల పట్టిక మాత్రం ఒక్క మతపు వారాన్నే అనుసరిస్తుంది. నిజానికి యూదుల ధర్మగ్రంథమైన నిర్గమకాండంలోని షబ్బాత్ ఆజ్ఞ దాసదాసీలకూ పశువులకూ పరదేశికీ సైతం విశ్రాంతినిచ్చింది కనుక, ఆ లెక్కన ట్రామ్ డ్రైవరుకు సెలవు దక్కడం న్యాయమే. కాని కారు లేనివాడు శనివారం ఆసుపత్రిలోని బంధువును చూడబోవాలంటే ఆ దయ అతనికి అడ్డంకి అవుతుంది. అదే దేశంలోని హైఫాలో షబ్బాత్ నాడూ బస్సులు తిరుగుతున్నాయంటే, ఈ కట్టడిలో శాస్త్రం కంటే ఊరి రాజీల పాలే ఎక్కువనిపిస్తుంది.