ఎలుకా, ఆల్బట్రాసూ, మొదటి శీలమూ



పోయిన నెల ఒక ఆదివారం మా విహారంలో వందన అయిపోయి, అందరం చాపలు చుడుతున్నాం. ఇంటర్ చదివే కుర్రాడొకడు ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అక్కా, ఇది చూడు" అన్నాడు. రాత్రి పూట తీసిన వీడియో. గూటిలో ఒక పెద్ద పిల్లపక్షి కూర్చుని ఉంది, ఒళ్లంతా దూదిలాంటి నూగు. దాని నడుం మీద చిట్టెలుకలు ఎక్కి బతికుండగానే కొరుక్కు తింటున్నాయి. ఆ పిల్ల మన కోడికంటే చాలా పెద్దది. ఒక్కసారి ముక్కుతో పొడిస్తే ఎలుక చచ్చిపోతుంది. కానీ పొడవదు. అలా కూర్చునే ఉంటుంది.

"ఈ ఎలుకల్ని చంపటానికి హెలికాప్టర్లతో దీవంతా విషం చల్లారంట అక్కా. మనం ఇప్పుడే గదా పాణాతిపాతా వేరమణీ అన్నాం. ఆళ్లు చేసింది తప్పా, ఒప్పా?"

నేను జవాబు చెప్పలేదు. టీ తాగుదాం రా అని మాట దాటేశాను. వాడు మళ్లీ అడగలేదు గానీ నాకే నిద్ర పట్టలేదు. నెల రోజులు దొరికింది దొరికినట్టు చదివాను. ఈ వ్యాసం వాడికి బాకీ పడ్డ జవాబు.

ఆ దీవి పేరు గాఫ్. దక్షిణ అట్లాంటిక్ సముద్రం మధ్యలో, ఆఫ్రికాకీ దక్షిణ అమెరికాకీ నడుమ ఉంటుంది. ఒక వాతావరణ కేంద్రం తప్ప జనావాసం లేదు. అదెక్కడుందో అర్థం కావాలంటే ఒక ఓడ ప్రయాణం గురించి చెప్పాలి. దక్షిణ ధ్రువం వైపు వేసవి మార్చి చివరికి అయిపోతుంది. అక్కడ యాత్రికుల్ని తిప్పిన చిన్న ఓడలు ఉత్తర ధ్రువం వేసవికి అందుకోవాలి గనక భూగోళం కింది నుంచి పైకి ప్రయాణం కడతాయి. ఖాళీగా పోవటమెందుకని పక్షుల్నీ తిమింగలాల్నీ చూసే సరదా ఉన్నవాళ్లని ఎక్కించుకుంటాయి. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషుయాయా దగ్గర ఎక్కితే దక్షిణ జార్జియా, గాఫ్, ట్రిస్టన్ డ కున్యా, సెయింట్ హెలీనా, అసెన్షన్. నెల రోజుల పైచిలుకు సముద్రం. టిక్కెట్టు లక్షల్లో. పొద్దున లేచింది మొదలు డెక్కు మీద బైనాక్యులర్లు పట్టుకుని నిలబడటమే పని. రెక్కలు చాపితే మూడు మీటర్లు దాటే ఆల్బట్రాస్ ఓడ వెనకాలే రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ వస్తుంటే చూడటం. ఇందులో ఎగతాళి చెయ్యటానికేమీ లేదు. నాకు అసూయే కలిగింది.

ఇంకోటి కూడా చూశాను. దక్షిణ జార్జియాలో దిగే ముందు ఆ యాత్రికులు బూట్లు కడిగించుకుంటారు. ప్యాంటు జేబులు తిప్పి, సంచుల అతుకుల్లో ఇరుక్కున్న గడ్డి గింజల్ని ఒక్కొక్కటే ఏరిస్తారు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరంలో ఆగాలి. ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డున ఉండకూడదు. ఒక్క గింజ కూడా మన వెంట రాకూడదనే ఆ శ్రద్ధ చూసి, పిల్లలకి అప్పమాదం అంటే ఏమిటో చెప్పాలంటే ఇదే చూపించొచ్చు అనుకున్నాను.

అంత జాగ్రత్త ఎందుకొచ్చిందంటే, ముందొచ్చినోళ్లు చేసిన పని అలాంటిది. 1775లో కెప్టెన్ కుక్ దక్షిణ జార్జియాలో కాలుపెట్టి, అక్కడ సీళ్లు లెక్కలేనన్ని ఉన్నాయని లోకానికి చెప్పాడు. తోళ్ల కోసం వేటగాళ్లు దిగారు, వాళ్ల ఓడల్లోంచి ఎలుకలు దిగాయి. 1904లో లార్సెన్ అనే నార్వే కెప్టెన్ గ్రిట్వికెన్‌లో తిమింగలాల కార్ఖానా పెట్టాడు. అప్పట్నుంచి 1960ల దాకా ఆ దీవి కార్ఖానాల్లో కోసిన తిమింగలాలు సుమారు 1,75,000. వాటి నూనె సబ్బులకి, వనస్పతి లాంటి వెన్నకి పోయింది. గ్రిట్వికెన్‌లో ఆ బాయిలర్లు, పీపాలు ఇప్పటికీ తుప్పు పట్టి నిలబడే ఉన్నాయి. యాత్రికులు అక్కడ ఫొటోలు దిగి, పక్కనే ఉన్న షాకిల్టన్ అనే అన్వేషకుడి సమాధి దగ్గర విస్కీ తాగి, కాస్త ఆయనకీ పోస్తారట. (ఐదో శీలానికి ఆ దీవిలో సెలవన్నమాట.)

దక్షిణ జార్జియా ఎలుకలు నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, పిల్లలు తినేశాయి. అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పిపిట్ అనే చిన్న పాటపిట్ట ఎలుకలు చేరని లంకల్లోనే మిగిలింది. 2011 నుంచి 2015 దాకా మూడు విడతలుగా హెలికాప్టర్లతో విషపు గుళికలు చల్లారు. తర్వాత వాసన పట్టే కుక్కల్ని తిప్పి వెతికారు. 2018లో ఎలుక లేదని ప్రకటించారు. పిపిట్ మళ్లీ పాడుతోంది.

గాఫ్‌లో అలా జరగలేదు. అక్కడివి చిట్టెలుకలు. అవీ 19వ శతాబ్దంలో సీళ్ల వేటగాళ్లతో వచ్చినవే. పోటీ పడే జంతువు లేక, చలికాలం తిండీ లేక, తరాలు గడిచేకొద్దీ మామూలు చిట్టెలుకకంటే సగం ఎక్కువ సైజుకి పెరిగి పక్షి మాంసం మరిగాయి. ట్రిస్టన్ ఆల్బట్రాస్ దాదాపుగా ఆ ఒక్క దీవిలోనే గుడ్డు పెడుతుంది. రెండేళ్లకొక్కటే గుడ్డు. పిల్ల చలికాలమంతా గూట్లోనే, తల్లీతండ్రీ సముద్రం మీద మేతకి. నేల మీద నడిచే శత్రువు లేని చోట లక్షల ఏళ్లు బతికిన జాతి అది. ఎలుక కొరుకుతుంటే లేచి పోవాలని గానీ పొడవాలని గానీ దానికి తెలియదు. ఆ పిల్ల ఎందుకు కదల్లేదో నాకప్పుడు అర్థమైంది. అన్ని జాతులూ కలిపి ఏడాదికి 20 లక్షల దాకా గుడ్లు, పిల్లలు పోతున్నాయని అక్కడ పనిచేసినవాళ్ల అంచనా. 2021 చలికాలంలో విషం చల్లారు. ఆ గుళికలు తిని చావకుండా గాఫ్ నీటికోళ్లనీ బంటింగ్ పిట్టల్నీ ముందే వందల్లో పట్టి పంజరాల్లో సాకారు. అంతా చేసి, డిసెంబరు నాటికి కెమెరాలో ఒక చిట్టెలుక కనబడింది. ఆ ఒక్కటే కాదు మిగిలింది. మళ్లీ పెరిగాయి.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకొద్దాం. మనవాళ్లకి దీనికొక రెడీమేడ్ జవాబుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింస గురించి రాస్తూ, అవసరం కొద్దీ చంపటం వేరు, చంపాలన్న కోరికతో చంపటం వేరు అని విడదీశాడు. అహింస బుద్ధుడికి ఒక సూత్రం, గుడ్డిగా పాటించే నియమం కాదన్నాడు. మాంసం మొత్తానికే మానేయమని శాసించమంటే బుద్ధుడు దేవదత్తుడికి ఒప్పుకోని సంగతీ మనకి తెలుసు. అయితే గాఫ్‌లో చంపటం అవసరం గనక ఒప్పు, చాప చుట్టేయండి అనొచ్చు.

నాకు అక్కడే ఆగాలనిపించలేదు. అవసరం అనే మాట ఎవరు అనలేదు? గ్రిట్వికెన్‌లో కత్తి పట్టినవాడు ఊళ్లకి సబ్బు కావాలి, ఇంటిదగ్గర పిల్లలకి కూడు కావాలి అనే అనుంటాడు. చంపేవాడు తన పనికి పెట్టుకునే పేరు ఎప్పుడూ అవసరమే. అందుకే బాబాసాహెబ్ మాటని ముద్రలాగా కొట్టెయ్యకుండా, లోపలికి చూసుకునే అద్దంలాగా వాడాలనిపించింది. అలా చూస్తే నాకు నాలోనే ఒక గలీజు కనబడింది. చెప్తాను.

దక్షిణ జార్జియాలో నార్వే వాళ్లు మాంసానికీ వేటకీ అని రెయిన్‌డీర్లని కూడా తెచ్చి వదిలారు. అవి పెరిగి గడ్డినేలని తొక్కి పాడు చేస్తున్నాయని, ఎలుకల పని జరుగుతున్న రోజుల్లోనే ఆరు వేలకి పైగా రెయిన్‌డీర్లని చంపేశారు. ఈ ముక్క చదవగానే నా గుండె కలుక్కుమంది. అంతకు ముందు పేజీలోనే ఎన్ని ఎలుకలు చచ్చాయో చదివాను, ఏమీ అనిపించలేదు. ఆ విషం తిన్న ఎలుక ఆ క్షణాన చావదు. లోపల్లోపల రక్తం కారి, కొన్ని రోజులకి చస్తుంది. అది చదివినా పేజీ తిప్పాను. జింకకి కన్నీళ్లు, ఎలుకకి లేవు. పుట్టుకని బట్టి దయ పంచే విద్య మనకెవరు నేర్పారో మళ్లీ చెప్పక్కర్లేదు. నిచ్చెనమెట్ల మీద కూర్చున్న కరుణ అది. మెట్లు కూల్చాలని ఇరవై ఏళ్లుగా మీటింగుల్లో మాట్లాడుతున్నదాన్ని నేను.

ఎలుకకీ మాకూ చుట్టరికం పాతదే. మా ఊరు డెల్టాలో. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుకలు పడితే పంట సగం పోతుంది. అప్పుడు యానాదుల్ని పిలిచేవాళ్లు. గట్టు మీద కన్నం దగ్గర కుండలో గడ్డి రాజేసి, పొగ లోపలికి ఊది, తవ్వి పట్టేవాళ్లు. ఎలుకకింత అని కూలి. మా ఊళ్లో ఒక ఆసామి శనివారం నీచు ముట్టడు, చీమని తొక్కితే కూడా చెంపలేసుకునేవాడు. ఆయన పొలంలో ఎలుకల్ని పట్టిన యానాదిని అరుగు దాకా రానిచ్చేవాడు కాదు, కూలి డబ్బులు కింద పెట్టి జరిగేవాడు. కారణం అడిగితే, జీవహింస చేసేవాళ్లు, ఎలుకలు తినేవాళ్లు అనేవాడు. ఆ జీవహింస వల్ల మిగిలిన వడ్లే ఆయన గాదెలో ఉండేవి. చంపే పని ఒకడికి, శుద్ధి ఇంకొకడికి. ఇలాంటి పంపకాన్ని అహింస అని పిలిచే దేశం మనది.

ఓడ డెక్కు మీద నిలబడినవాళ్ల గురించి నాకు పట్టుకున్న ప్రశ్న కూడా ఇదే. గాఫ్‌లో యాత్రికుల్ని దిగనివ్వరు. గాలి నెమ్మదిస్తే రబ్బరు పడవల్లో ఒడ్డు వెంబడి తిప్పి చూపిస్తారు, అంతే. వాళ్లెవరూ ఏ ప్రాణినీ ముట్టుకోరు. కానీ వాళ్లు చూడాలని వచ్చిన ఆ పక్షి మిగలాలంటే ఎవరో ఒకరు విషం మోసుకుపోవాలి. పైగా ఆ ఓడ నెల పొడుగునా నూనె తగలేస్తూ పోతుంది, ఆ పొగ వేడెక్కించే సముద్రం మీదే ఆ పక్షి మేత వెతుక్కోవాలి. చేతులు శుభ్రంగా ఉండటం, శీలం ఉండటం ఒకటి కాదు. నేనైనా అంతే, అన్నం తింటున్నాను గదా.

దీనికి ఎదురు నిలబడే మనుషులు కూడా ఆ దారిలోనే ఉన్నారు. గాఫ్ దాటాక ట్రిస్టన్ డ కున్యా. రెండువందల యాభై మందికి లోపే జనం, ఒకే ఊరు. బంగాళాదుంప చేలు, పశువులు, సముద్రపు రొయ్యల వేట. పక్కనున్న నైటింగేల్ దీవికి పోయి సముద్రపక్షుల గుడ్లు, కొవ్వు తెచ్చుకోవటం వాళ్లకి తాతల నాటి నుంచీ అలవాటు. 2011 మార్చిలో ఆ నైటింగేల్ రాళ్ల మీదికి సోయా చిక్కుళ్లు మోసుకుపోతున్న ఒక పెద్ద ఓడ ఎక్కి విరిగింది. నూనె సముద్రం మీద పరుచుకుంది. రాక్‌హాపర్ పెంగ్విన్లు నల్లగా తడిసి ఒడ్డున పడ్డాయి. ఊరు ఊరంతా పనులు మానేసింది. సుమారు 3,700 పెంగ్విన్లని పడవల్లో ఇంటికి తెచ్చుకున్నారు. ఊరి ఈతకొలను నీళ్లు తోడేసి అందులో పెట్టారు. వేటాడిన చేపే తినిపించి కడిగారు. చివరికి బతికి సముద్రంలోకి పోయినవి నాలుగు వందల లోపే. ఆ పని చేసినవాళ్లలో శాకాహారి ఒక్కడైనా ఉన్నాడని నేననుకోను.

అదే ఓడ ఇంకా పైకి పోతే సెయింట్ హెలీనా. అక్కడ జోనథన్ అనే తాబేలుంది. 1882లో వచ్చింది, అప్పటికే యాభై ఏళ్లదట. అందరూ దాంతో ఫొటో దిగుతారు, దిగాల్సిందే, అంత ఆయుష్షు మనమెక్కడ చూస్తాం. ఆ దీవిలోనే రూపర్ట్స్ లోయ ఉంది. బానిస ఓడల్ని పట్టుకుని బ్రిటిష్ నౌకాదళం అక్కడ దింపిన ఆఫ్రికన్లలో సుమారు 8,000 మందిని ఆ లోయలో పాతిపెట్టారు. విమానాశ్రయం రోడ్డు వేస్తుంటే 325 మంది ఎముకలు బయటపడ్డాయి. వాటిని మళ్లీ మట్టిలో పెట్టింది 2022లో. తాబేలుకి పేరుంది. వాళ్లకి పేర్లు లేవు. బైనాక్యులర్ తప్పని నేననటం లేదు, అది ఎటు తిరుగుతుందో చూసుకోమంటున్నాను.

పోయిన ఆదివారం కుర్రాణ్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నా మాట ఇది: ఆ ఎలుకలు తమంతట తాము రాలేదు, ఆకలేసి తింటున్నాయి. వాటిలో తప్పేం లేదు. పిల్లపక్షిలోనూ లేదు. తెచ్చినవాళ్లు పోయారు. ఇప్పుడు ఊరికే చూస్తూ కూర్చుంటే ఒక జాతి మొత్తం పోతుంది, అది కూడా మన చేతలోదే. అందుకని మళ్లీ విషం చల్లుతామంటే నేను వద్దనను. కానీ అది శుద్ధమైన పని అని అనను, చల్లినవాళ్లని మెచ్చుకుంటూ ఎలుక మీద జోకులు వెయ్యను. మైత్రి భావన చేసేటప్పుడు చిన్నవీ పెద్దవీ, కనబడేవీ కనబడనివీ అంటాం గదా, అందులో గాఫ్ చిట్టెలుక కూడా ఉంది.

వాడు చాలాసేపు ఊరుకుని, "అయితే శీలం తప్పినట్టేనా అక్కా, తప్పనట్టా?" అన్నాడు.

"తప్పినట్టే" అన్నాను. "తప్పామని తెలిసి చెయ్యటమే."

"అదేం జవాబు? అలాగైతే ఎవడైనా ఏదైనా చేసి తెలిసే చేశా అంటాడు."

వాడన్నదీ నిజమే. సిక్ఖాపదం అంటే శిక్షణలో ఒక అడుగు, దేవుడి ఆజ్ఞ కాదు, అందుకే వారం వారం మళ్లీ తీసుకుంటాం అని ఏదో చెప్పబోయాను. వాడు వినలేదు. వచ్చే ఆదివారం తనే రాసుకొస్తానన్నాడు. ఆ లోపు మీలో ఎవరికైనా ఇంతకంటే మంచి జవాబు తోస్తే మా విహారానికి రండి. వందన తర్వాత టీ ఉంటుంది.