మంచం ఎత్తింది ఎవరు?

1993 డిసెంబరులో విడుదలైన మలయాళ చిత్రం ‘మణిచిత్రత్తాళ్’లో ఒక పడకగది దృశ్యం ఉంది. నగలు కొనడానికి బయటికి వెళ్తానంటుంది గంగ. ఇప్పుడు వద్దంటాడు భర్త నకులన్. ముందు మామూలుగానే అడుగుతుంది. కాసేపటికి గొంతు మారుతుంది, చూపు మారుతుంది, పక్కనే ఉన్న బరువైన మంచాన్ని ఒంటిచేత్తో పైకి లేపుతుంది. భర్త గట్టిగా పేరు పెట్టి పిలిచేసరికి ఈ లోకంలోకి వస్తుంది. అప్పటిదాకా ఏం జరిగిందో ఆమెకే తెలియదు. ఆ మంచం ఎత్తింది ఎవరన్న ప్రశ్న దగ్గరే ప్రేక్షకులు ముప్పై ఏళ్లుగా రెండుగా చీలిపోతున్నారు.

కథ మధు ముట్టం రాశాడు, ఫాజిల్ తీశాడు. గంగగా నటించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కలకత్తా నుంచి మాడంపల్లి అనే పాత మేడకు వచ్చిన గంగ, మూసి ఉన్న గది తాళం తీయిస్తుంది. ఒకప్పుడు తంజావూరు నుంచి తెచ్చిన నాగవల్లి అనే నర్తకిని ఇంటి పెద్ద శంకరన్ తంపి చంపేశాడనీ, ఆమె ఆత్మ ఆ గదిలోనే ఉందనీ ఆ ఇంట్లో చెప్పుకునే కథ. అప్పటినుంచి ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టూ, ఎవరో హాని తలపెట్టినట్టూ జరుగుతుంటుంది. డాక్టర్ సన్నీ వచ్చి మూలాన్ని గంగ బాల్యంలో పట్టుకుంటాడు. తల్లిదండ్రులు కలకత్తాలో, పిల్ల అమ్మమ్మ దగ్గర పల్లెలో. కథలు, నమ్మకాల మధ్య పెరిగిన ఆ పిల్లను ఉన్నట్టుండి అక్కడినుంచి తీసుకుపోబోవడంతో మనసు చెదిరింది. ఆనాటి గాయానికి నాగవల్లి వేషం దొరికింది, అంతే.

సినిమా ఇంత విడమరిచి చెప్పినా దెయ్యమే పట్టిందనే ప్రేక్షకులు తగ్గలేదు. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు. ఆ బలం ఎక్కడిది? నాగవల్లిగా మారినప్పుడు ఆమె నోట వచ్చే ఆ తమిళం, ఆ నాట్యం ఎక్కడివి? పైగా చివర్లో మంత్రవాది లేకుండా డాక్టరు పని జరగలేదు కదా? జబ్బే అనే వర్గం ఈ చివరి ఘట్టం దగ్గరే ఇబ్బంది పడుతుంది. దుర్గాష్టమి నాడు భర్తనే శంకరన్ తంపిగా ముందు నిలబెట్టి, తిరిగే పలక మీద అతన్ని తప్పించి, బొమ్మను పెడతారు. గంగ బొమ్మను నరికి కుప్పకూలుతుంది, రోగం కుదురుతుంది. బాల్యంలో పడిన గాయం ఒక్క కత్తివేటుతో మానదని వైద్యం తెలిసినవాళ్లు అంటారు. నిజమే. అయితే అది కథలో లోపమే తప్ప ప్రశ్నకు జవాబు కాదు.

ఆయుర్వేదం ఈ గొడవను ఎప్పుడో ఎదుర్కొంది. చరక సంహిత ఉన్మాదాన్ని వాత పిత్త కఫాల వల్ల వచ్చేదిగా, బయటినుంచి వచ్చే ఆగంతుకంగా విడదీసింది. రెండోదాంట్లో దేవ, గంధర్వ, యక్ష, రాక్షస, పిశాచాదుల లక్షణాలు వేరువేరుగా చెప్పింది. గంధర్వుడు ఆవహించినవాళ్లకు పాట, నాట్యం, పూలు, అలంకారాల మీద మోజు ఉంటుందట. గంగను చూసి రాశారా అనిపిస్తుంది. అసలు సంగతి మాత్రం అదే గ్రంథంలోని నిదానస్థానం అనే భాగంలో ఉంది: తన పనుల వల్ల తాను ముందే చెడని మనిషిని దేవుడూ గంధర్వుడూ పిశాచమూ ఏమీ చేయలేరని అక్కడ చరకుడు తేల్చేశాడు. ఆ స్వయంకృతానికి ప్రజ్ఞాపరాధం అని పేరు పెట్టాడు. దెయ్యాన్ని కాదనకుండానే దాని చేతిలోంచి కర్తృత్వాన్ని లాగేసుకున్న తెలివైన మాట అది. కానీ ఆ తెలివికో ఖరీదు ఉంది. అమ్మమ్మ ఒడిలోంచి లాగబోయిన పిల్ల చేసిన అపరాధం ఏమిటి? రోగి మీదే నింద పడే చోట చరకుడి మాట గంగకు సరిపోదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఇంకో దారి చూపిస్తుంది. ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని అయిదు కారణాలుంటాయనీ, తానొక్కడే కర్త అనుకునేవాడికి చూపు సరిగా లేదనీ అంటుంది. ఈ లెక్కలో మంచం ఎత్తిన చెయ్యి గంగది, వెనకనున్న కథ ఇంటిది, గాయం తల్లిదండ్రుల చలవ. కర్త ఎవరో ఒక్కరే అయి తీరాలన్న పట్టుదలే తప్పేమో. పడమటి దేశాల్లో జాన్ లాక్ 1694లో, జ్ఞాపకం ఎంతవరకు సాగితే మనిషి అంతవరకేనని వాదించాడు. మతి తప్పినప్పుడు చేసినదానికి మతి ఉన్న మనిషిని శిక్షించకపోవడం అందుకేనన్నాడు. మన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ కూడా, చేసే పని ఏమిటో తెలుసుకోలేని మతిస్థితిలో చేసినది నేరం కాదంటుంది. చట్టానికి ఆ గీత చాలు. భర్త మీద కత్తి ఎత్తిన సంగతి రేపు తెలిస్తే గంగ తనలో తాను ఏమనుకోవాలో చట్టం చెప్పదు.

తనను తాను మరవడాన్ని మన సమాజం అన్నిసార్లూ జబ్బు అనలేదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు ‘రంగం’లో ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి పలుకుతుంది. అక్కడ మాట ఆమెది కాదు, అమ్మవారిది. వినడానికి జనం కిక్కిరిసి ఉంటారు. పిలిస్తే వచ్చి, సమయానికి వెళ్లిపోయేది పూనకం. పిలవకుండా వచ్చి, వెళ్లమంటే వెళ్లనిది గాలి. రెండింటిలోనూ ‘నేను’ పక్కకు తప్పుకుంటుంది. తేడా ఊరు ఒప్పుకోవడంలో ఉంది.

ఊరు ఒప్పుకోనిదాని కథ సినిమాలో శ్రీదేవిది. కుజదోషం ఉందని నకులన్‌తో పెళ్లి తప్పిపోయిన అమ్మాయి. మొదటి సగమంతా ప్రేక్షకుడు ఆమెనే అనుమానిస్తాడు. డాక్టరు కూడా ఎత్తుగడగా ఆమెకే పిచ్చి అని ఇంట్లోవాళ్లను నమ్మించి గదిలో పెట్టిస్తాడు. జాతకం ముద్ర వేసిన ఆడదే దోషి అని హాల్లో కూర్చున్నవాళ్లు ఎంత సులువుగా నమ్మేస్తారో! చదువుకున్న, చలాకీ అయిన గంగ మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు. ఫాజిల్ దెయ్యం గురించి కాదు, మన చూపు గురించి సినిమా తీశాడనిపించేది ఇక్కడే.

కథ భాషలు మారింది. 2004లో కన్నడ ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళ ‘చంద్రముఖి’, 2007లో హిందీ ‘భూల్ భులయ్యా’. తమిళుల సినిమాలో నర్తకి తెలుగుది, ఆమె పాట తెలుగు. మలయాళుల సినిమాలో తమిళది. ఆవహించేది ఎప్పుడూ పొరుగు భాషే కావడం గమనించదగ్గది. ‘ఆప్తమిత్ర’లో గంగగా నటించిన సౌందర్య ఆ చిత్రం విడుదల కాకముందే 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో మరణించింది. దాని కొనసాగింపు ‘ఆప్తరక్షక’ విడుదల కాకముందే 2009 డిసెంబరు 30న అందులో నటించిన విష్ణువర్ధన్ పోయాడు. నాగవల్లి శాపమన్నారు జనం. దెయ్యం లేదని చెప్పడానికి తీసిన కథ నుంచి కొత్త దెయ్యం పుట్టింది.

‘మణిచిత్రత్తాళ్’ చివర డాక్టరు గంగను ఎవరు నువ్వని అడుగుతాడు. నాగవల్లి అనదు. భర్త పేరు కలిపి, గంగా నకులన్ అంటుంది. అదే ఆరోగ్యానికి గుర్తుగా డాక్టరు ఒప్పుకుంటాడు, హాలు ఊపిరి పీల్చుకుంటుంది. అమ్మమ్మ దగ్గర పెరిగిన ఆ పిల్ల పేరు ఆ జవాబులో ఎంతవరకు ఉందో ఎవరూ అడగరు.