ఒకేలా ఉన్నవి ఒకటేనా?

ఏ తేడా లేని రెండు వస్తువులు నిజానికి రెండు కావు, ఒకటేనన్నది తత్త్వవేత్త లైబ్నిట్జ్ సిద్ధాంతం. ఇది వినగానే హెరెన్‌హౌసెన్ తోటలో ఒక పెద్దమనిషి అచ్చం ఒకేలా ఉన్న రెండు ఆకుల కోసం తెగ వెతికి ఓడిపోయాడని ఆయనే రాసుకున్నాడు. మన వైశేషికులు దీనికి ఒప్పుకోరు. గుణాలన్నీ కలిసినా ఒక పరమాణువును ఇంకోదాని నుంచి వేరుచేసే ‘విశేషం’ దానిలోనే ఉంటుందంటారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దాన్ని ఏడు పదార్థాల్లో ఒకటిగా లెక్కగట్టాడు. తోటలో దొరకని జంట కంప్యూటర్ మెమరీలో మాత్రం కొల్లలుగా దొరుకుతుంది.

ఒకే యంత్రం మీద నడిచే వర్చువల్ మెషీన్లు చాలావాటిలో ఉండే ఆపరేటింగ్ సిస్టం ఒకటే. అందుకని ఒకే సమాచారం మెమరీలో పదిచోట్ల పడి ఉంటుంది. 2009 చివర్లో వచ్చిన లినక్స్ కెర్నల్ 2.6.32లో కేఎస్‌ఎం అనే ఏర్పాటు చేరింది. కలపడానికి ప్రోగ్రాములు ముందే ఒప్పుకున్న మెమరీలో అది తీరిగ్గా తిరుగుతూ, సాధారణంగా 4096 బైట్లుండే పేజీలను పోల్చి చూస్తుంది. చెక్‌సమ్, అంటే బైట్ల నుంచి లెక్కగట్టిన చిన్న సంఖ్య, కలిసిందని నమ్మెయ్యదు. పేజీ నిలకడగా ఉందో లేదో తెలుసుకోవడానికే ఆ సంఖ్య పనికొస్తుంది. బైట్లన్నీ కలిస్తేనే ఒక పేజీ ఉంచి, రెండోదాన్ని ఖాళీచేసి, ఆ పేజీలు వాడుతున్న ఇద్దరి చిరునామా పట్టికలూ ఆ ఒక్కదానివైపే తిప్పుతుంది. ఆ పేజీ మీద రాయడానికి వీల్లేకుండా కాపలా కూడా పెడుతుంది. ఎవరైనా రాయబోతే కెర్నల్ అడ్డుపడి, వాళ్లకు విడిగా ఒక నకలు ఇస్తుంది.

ఇక్కడ లైబ్నిట్జ్ గెలిచాడనిపిస్తుంది. నేనలా అనుకోను. పేజీ ఒకటే అయినా, దానిమీద ఎవరికి వారు రాసుకునే హక్కులు రెండూ అలాగే ఉన్నాయి. ఆ కాపలా ఉన్నదే వాటి కోసం. రెండుతనం ఇప్పుడున్న బైట్లలో లేదు, రేపు విడిపోగలగడంలో ఉంది. అలాగని వైశేషికులు గెలిచినట్టూ కాదు: వాళ్ల విశేషం వస్తువులోనే నిత్యంగా ఉండేది, ఈ రెండుతనం పేజీలో ఎక్కడా లేదు, పట్టికలో ఉంది. అద్వైతి వచ్చి, కుండలోని ఘటాకాశం, గదిలోని మఠాకాశం లాగే ఈ భేదం ఉపాధివల్ల, అంటే చుట్టూ ఉన్న హద్దువల్ల, కనిపించేదేగా అనవచ్చు. కానీ కుండలో ఏం జరిగినా ఆకాశం రెండు ముక్కలు కాదు. ఇక్కడ ఒకరు ఒక్క బైటు మార్చినా నిజంగానే రెండో పేజీ పుడుతుంది.

ఇంకో ఆక్షేపణ గట్టిది. పేజీలు మొదట వేర్వేరు చిరునామాల్లో ఉన్నవే కదా, అవి తేడాలేనివి ఎలా అవుతాయి? అసలు చిరునామా ప్రోగ్రాముకు కనిపించదు కాబట్టి, దాని దృష్టిలో ఏమీ మారలేదనే జవాబు చెప్పబోయాను. అది పూర్తిగా నిలవదు. నకలు తీసేటప్పుడు రాత కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, పక్క వర్చువల్ మెషీన్‌లో ఏ ప్రోగ్రాము నడుస్తోందో పసిగట్టవచ్చని 2011లో జపాన్ పరిశోధకులు చేసి చూపించారు. కలపడం అంటే ఏమీ మార్చకపోవడం కాదన్నమాట. హక్కుల మాట వీళ్లు బలపరిచినట్టే: రాయబోతేనే గుట్టు బయటపడింది, చదివినంతసేపూ పడలేదు. ఎవరూ ఎన్నడూ రాయని పేజీల సంగతి వేరు. ఒకే లైబ్రరీ ఫైలును వందమంది వాడుకుంటున్నా, దాని కోడ్ మెమరీలో మొదటినుంచీ ఒక్కటే ఉంటుంది; దాన్ని ‘కలిపారు’ అని ఎవరూ అనరు.