మామ వల, చెవులపిల్లి, ధర్మరాజు కల

ధర్మవ్యాధుడి మీద మనం చేసిన వీడియో కింద ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. లైవ్‌లో దానికి జవాబు చెప్పకుండా నేను తప్పించుకున్నాను. అది మనసులో గుచ్చుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ తమ్ముడిది వరంగల్ వైపే. ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్. "అన్నా, సంక్రాంతికి ఊరికి పోతే మా వాళ్ళు కుక్కల్ని తీసుకుని, వలలు పట్టుకుని చెవులపిల్లుల వేటకు పోతరు. నేను కూడా పోయిన. తిన్న. పాపమా కాదా, సూటిగా చెప్పు" అన్నాడు.

తప్పించుకోవడానికి కారణం ఉంది. మాది వర్ధన్నపేట. అదే వల మా మామ ఇంట్లో కూడా ఉండేది.

చూడని వాళ్ళ కోసం చెప్తాను. వల మనిషి మోకాలికి కొంచెం పైదాకా వస్తుంది, పొడవు మాత్రం చాలా ఉంటుంది. చేనుకీ తుప్పలకీ మధ్య, చెవులపిల్లి రోజూ తిరిగే దారిలో చిన్న చిన్న కర్రలు పాతి దాన్ని నిలబెడతారు. బిగించి కట్టరు, వదులుగా వేలాడదీస్తారు. జంతువు వచ్చి తగలగానే వల దాని మీదే కూలి చుట్టేసుకోవాలి. అవతలి వైపు నుంచి ఇద్దరు ముగ్గురు డబ్బాలు కొడుతూ, కుక్కల్ని ఉసిగొల్పుతూ వస్తారు. కుక్కలంటే జాతి కుక్కలేం కావు, ఊరి కుక్కలే. మా మామ దగ్గర ఉన్న నల్లదానికి మాత్రం మొరగకుండా తరమడం వచ్చు. ఆకేరు వాగు దిక్కు, తెల్లవారుజామున, చలిలో, వల చివర గుంజ పట్టుకుని కూర్చోవడం నా డ్యూటీ. నాకప్పుడు పదేళ్ళు.

చెవులపిల్లి మామూలుగా నోరు తెరవదు. పట్టుబడ్డప్పుడు మాత్రం అరుస్తుంది. ఆ అరుపు అచ్చం పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. గుంజ వదిలేసి రెండు చెవులూ మూసుకున్నా. మామ నవ్విండు. చందమామలో చెవులపిల్లిని నాకు చూపించిన అమ్మమ్మే ఆ రాత్రి దాన్ని వండింది. నేను తిన్నాను. రుచిగానే ఉంది. అబద్ధం చెప్పను.

ఒక చిన్న విషయం. ఇంగ్లండ్ వీడియోల్లో ముంగిస లాంటి ఫెర్రెట్‌ని బొరియలోకి వదిలి, బయట వలలు పెట్టి కుందేళ్ళని పట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. అవి బొరియల్లో బతికే కుందేళ్ళు, పిల్లలు కళ్ళు మూసుకుని, ఒంటి మీద వెంట్రుకలు లేకుండా పుడతాయి. మన చేలల్లో తిరిగేది వేరే జాతి. మెడ వెనక నల్ల మచ్చ ఉంటుంది. బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న గుంట చేసుకుని పడుకుంటుంది. పిల్లలు కళ్ళు తెరిచే పుడతాయి. దాక్కోవడానికి ఇల్లు లేని జీవి అది. దానికున్న రక్షణ కాళ్ళే. ఆ కాళ్ళనే వాడుకుని మనం దాన్ని వలలోకి తరుముతాం.

ఇక శాస్త్రం సంగతి. ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. మన గ్రంథాల్లో వేట నిషేధం అని ఒక్క ముక్కలో తేల్చేద్దామంటే కుదరదు. కిష్కింధకాండలో వాలి రాముణ్ణి నిలదీసేటప్పుడు, అయిదు గోళ్ళున్న జంతువుల్లో అయిదింటినే తినొచ్చని గుర్తు చేస్తాడు. ఆ అయిదింటిలో కుందేలు ఉంది. రాముడి జవాబులో వలలు, ఉచ్చులు, చాటున పొంచి కొట్టడం కూడా వస్తాయి. అంటే మా మామ పద్ధతి రామాయణానికి తెలియనిది కాదు. అదే సంప్రదాయంలో మనుస్మృతి ఏడో అధ్యాయం రాజుకుండే కామజ వ్యసనాలు పది లెక్కపెడుతూ వేటతోనే మొదలుపెడుతుంది. పాండురాజు వేటలో శాపం తెచ్చుకున్నాడు. దశరథుడూ అంతే. మన ధర్మవ్యాధుడు సైతం పోయిన జన్మలో బ్రాహ్మణుడు. స్నేహితుడైన రాజుతో సరదాగా వేటకు వెళ్ళి, పొరపాటున ఒక ఋషిని బాణంతో కొట్టి, శాపం వల్ల వ్యాధుడిగా పుట్టాడు. వీడియోలో ఈ ముక్క నేను స్పీడ్‌గా దాటేశాను, అది నా తప్పే.

"మరి కన్నప్ప?" అని అడుగుతారు, సినిమా వచ్చాక ఇంకా ఎక్కువగా అడుగుతున్నారు. తిన్నడు వేటగాడే. కానీ వేట ఆ గూడెం అన్నం. తనకున్నదే శివుడికి పెట్టాడు, చివరికి కళ్ళు కూడా. ఆయన పేరు చెప్పి బైక్ మీద వేటకు పోయేవాళ్ళు కంటి దాకా వెళ్ళక్కర్లేదు, ఆ వారం తమ ఫోన్ పక్కన పెట్టగలరా అని నాకు డౌట్.

నాకు అసలు జవాబు దొరికింది మహాభారతంలో, పెద్దగా ఎవరూ చెప్పని ఒక చిన్న ఘట్టంలో. అరణ్యపర్వంలో పాండవులు ద్వైతవనంలో ఉన్నారు. ఒక రాత్రి ధర్మరాజు కలలోకి జింకలు వస్తాయి. వణుకుతూ, కన్నీళ్ళు కారుస్తూ వస్తాయి. చంపడం పాపమని అవి వాదించవు. శపించవు. మేము చాలా కొద్దిమందిమి మిగిలాం, విత్తనం మందమే ఉన్నాం, మీరు ఇంకో చోటికి వెళ్తే మళ్ళీ పెరుగుతాం అని అడుగుతాయి. ధర్మరాజు లేచి తమ్ముళ్ళకు చెప్పాడు. అందరూ సర్దుకుని కామ్యకవనానికి వెళ్ళిపోయారు. అంతే కథ.

ఆ జింకలు అడిగిన పద్ధతి చూడండి. ఎదుటివాడి ఆకలిని అవి తప్పుపట్టలేదు. హద్దు ఎక్కడో చూపించాయి. ఆయన కూడా రాజుననీ, క్షత్రియుడిననీ, నాకు హక్కుందనీ అనలేదు. మా చేల దగ్గర ఉన్న చెవులపిల్లులు మన కలలోకి వస్తే ఏం అడుగుతాయో ఊహించడం కష్టం కాదు. "ఒకప్పుడు ఒక్క తెల్లవారి మూడు పడేవి, ఇప్పుడు నాలుగు రాత్రులు తిరిగినా ఒకటి దొరకదు" అని మా మామే అంటాడు.

కుక్కకి పాపం ఉందా అని కూడా ఒకరు అడిగారు. లేదు. తరమడం దాని స్వభావం. దాన్ని ఎటు వదలాలో తెలిసింది మనకు. దాని వాటాకి పేగులు పడేసి, లెక్కలో దాన్ని కూడా కలుపుకోవడం అన్యాయం. ఓరుగల్లుతో ముడిపడ్డ ఇంకో కథ ఉంది. ప్రతాపరుద్రుడి కొలువులో పనిచేశారని చెప్పుకునే హరిహర బుక్కలు వేటకు వెళ్తే, ఒక కుందేలు వెనక్కి తిరిగి వాళ్ళ కుక్కల్నే తరిమిందట. ఆ నేలలో ఏదో ఉందనే విజయనగరాన్ని అక్కడ కట్టారని చెప్తారు. చరిత్ర ఎంతో, కథ ఎంతో వదిలేయండి. వేటగాడు ఆగి ఆశ్చర్యపోయిన చోట నగరం పుట్టిందనడం నాకు నచ్చింది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో తుపాకీతో కాల్చడమే కాదు, వల పన్నడం, ఉచ్చు పెట్టడం, తరమడం అన్నీ వేటే. చెవులపిల్లికి కూడా ఆ రక్షణ ఉంది. ఇక్కడ నాకొక చిరాకు ఉంది. మన పక్కనే నర్సంపేట దగ్గరి పాకాల అడవి నిజాం కాలంలో వేట మైదానం. అక్కడ వేటాడిన దొరల ఫోటోలు ఫ్రేముల్లో ఉన్నాయి. వేటే బతుకైన కులాలను మాత్రం బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం పెట్టి పుట్టుకతోనే దొంగలుగా రాశారు. అది రద్దయింది 1952లో. అందుకే "వేటాడేవాళ్ళంతా రాక్షసులు" అని కామెంట్ పెట్టే ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో చూసుకోండి. ఆకలికి వేటాడినవాడూ, సెలవుకి వేటాడేవాడూ ఒకటి కాదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. మా బావమరిది బైక్‌కి పెద్ద లైట్ కట్టుకుని రాత్రి వేటకు రెడీ అయ్యాడు, రీల్ తీసుకోవడానికి ఇంకో దోస్తు. తిరుమలలో కనుమ నాడు పార్వేట ఉత్సవం జరుగుతుంది, సాక్షాత్తు స్వామే వేటకు వెళ్తాడు, ఒక్క జీవి కూడా చావదు అని చెప్పబోయాను. మామ నన్ను ఆపిండు.

"నువ్వు ఆదివారం చికెన్ తింటవు గద అల్లుడా. అది ఏడ్వంగ నీకు వినబడదు, గంతే తేడా."

నా దగ్గర జవాబు లేదు. కార్తీకం తప్పిస్తే తింటాను మరి. కాసేపటికి ఆయనే కొడుకు వైపు తిరిగి, "మేం పోయిన్నాడు ఇంట్ల కూర లేక పోయినం రా. నువ్వు కడుపునిండ బిర్యాని తిని పోతున్నవు. ఎందుకు?" అన్నాడు. వాడు ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి పోలేదు. తర్వాత పోయాడో లేదో నాకు తెలీదు, అడగలేదు. ఫారెస్ట్ వాళ్ళకి చెప్పాలా అని చాలా ఆలోచించాను. చెప్పలేదు. ఇంటివాడు కాబట్టి చెప్పలేదా, మాటతో మారతాడని నమ్మి చెప్పలేదా? మొదటిదే నిజమేమో అని అనుమానం ఇప్పటికీ ఉంది.

కాబట్టి తమ్ముడూ, నువ్వు సూటిగా అడిగావు, సూటిగా చెప్తా. చిన్నప్పుడు పెద్దవాళ్ళ వెంట పోయి తిన్నదాన్ని మోసుకు తిరగకు. ఈ సంక్రాంతికి మళ్ళీ పోతే మాత్రం అది అధర్మమే. నీకు ఆకలి లేదు, వాటికి సంఖ్య లేదు, మిగిలింది సరదా ఒక్కటే. నా చికెన్ సంగతి కూడా అడుగుతావని తెలుసు. దాని మీద ఇంకా నాతో నేనే తగువు పడుతున్నా, తేలాక రాస్తా.

మామ వల ఇప్పుడు మా అమ్మమ్మ పెరట్లో ఉంది. కోళ్ళు కొత్తిమీర మడిలోకి రాకుండా చుట్టూ కట్టారు. రెండు చోట్ల చిరిగింది. కోళ్ళు ఆ సందుల్లోంచే వస్తున్నాయి.